నీళ్ళ డబ్బా సాక్ష్యం: తూటా గాయాల శాస్త్రచరిత్రలో కొన్ని పుటలు

ఖాళీ రేకు డబ్బాను తూటాతో కొడితే రెండు రంధ్రాలు పడతాయి. ఒకటి తూటా లోపలికి పోయిన చోట, రెండవది బయటికి వచ్చిన చోట. డబ్బా కదలకుండా నిలబడినా ఆశ్చర్యం లేదు. అదే డబ్బాను నీటితో నింపి, అదే దూరం నుంచి, అదే తుపాకితో కొడితే డబ్బా మిగలదు. అతుకులు విడిపోతాయి, రేకు పువ్వులా విచ్చుకుంటుంది, నీరు నలుదిక్కులకూ ఎగజిమ్ముతుంది. తుపాకి మారలేదు, తూటా మారలేదు. మారినదల్లా లోపలి నీరే.

ఈనాడు ఇది వేడుక. నీళ్ళు నింపిన ప్లాస్టిక్ క్యాన్లను గురిచూసి పేల్చి, అవి చిట్లే తీరును నెమ్మది చలనంలో చూసి ఆనందించేవారు లోకమంతటా ఉన్నారు. కాని పంతొమ్మిదవ శతాబ్దం చివరి మూడు దశాబ్దాలలో ఈ పని చేసినవారు శస్త్రవైద్యులు. వారికి అది వినోదం కాదు. యుద్ధభూమి నుంచి మోసుకొచ్చిన మనుషుల శరీరాలలో వారు చూసిన ఒక వింతకు సమాధానం ఆ డబ్బాలో ఉందని వారు అనుమానించారు. ఆ అనుమానం నిజమైంది. అయితే ఆ సమాధానాన్ని చేతపట్టుకొని ఎవరు ఏం చేశారన్నది వైద్యశాస్త్రంతో ముగిసే కథ కాదు. అది బెర్న్ నగరంలో మొదలై, కలకత్తా శివార్లలోని ఒక ఆయుధ కర్మాగారం మీదుగా, హేగ్ నగరంలోని సంధి సభకు చేరింది.

నిందలు, ఊహలు

1868 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో సమావేశమైన ఐరోపా రాజ్యాలు 400 గ్రాములకు తక్కువ బరువుండే పేలుడు గుండ్లను యుద్ధంలో వాడరాదని ఒప్పుకున్నాయి. తూటాలో మందు దట్టించి, అది శరీరంలో పేలేటట్టు చేయడం అనవసరమైన క్రూరత్వమని ఆ ప్రకటన భావం. రెండేళ్ళు తిరగకుండానే ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య యుద్ధం వచ్చింది. 1870-71 నాటి ఆ యుద్ధంలో ఇరుపక్షాల వైద్యులూ ఒకే రకపు గాయాన్ని చూశారు. తూటా దూరిన చోట చిటికెన వేలు పట్టేంత రంధ్రం, బయటికి వచ్చిన చోట పిడికిలి పట్టేంత గుంట, మధ్యలో నుజ్జయిన కండ, ముక్కలైన ఎముక. పేలుడు గుండు వాడితే తప్ప ఇట్లా జరగదని ఇరుపక్షాలూ నమ్మాయి. ఒప్పందాన్ని మీరారని ఒకరినొకరు నిందించుకున్నారు. నిజానికి ఇరువురూ వాడినవి మామూలు సీసపు తూటాలే.

పేలుడు మందు లేకుండా పేలుడు ఎట్లా వచ్చింది? దీనికి నాలుగు రకాల జవాబులు పుట్టాయి. సీసం వేగానికి వేడెక్కి, కరిగి, చిందుతోందని కొందరన్నారు. తుపాకి గొట్టంలోని మరల వల్ల తూటా గిరగిరా తిరుగుతుంది గనుక ఆ భ్రమణమే కండను విసిరివేస్తోందని మరికొందరు. ఈ రెండవ వాదాన్ని లెక్కతోనే తోసిపుచ్చవచ్చు: ఆ తరం రైఫిలు తూటా మొత్తం గతిజశక్తిలో భ్రమణానికి చెందినది నూటికి ఒక వంతైనా ఉండదు.

మూడవది గాలి వాదం. బెల్జియం రసాయన శాస్త్రజ్ఞుడు లూయీ మెల్సెన్స్ దీని ముఖ్య ప్రచారకుడు. వేగంగా పోయే తూటా తన ముందున్న గాలిని అదిమి, ఒక గాలి గుండును వెంట మోసుకుపోతుందనీ, శరీరంలో పేలేది ఆ గాలేననీ అతని ప్రతిపాదన. ఈనాడు ఇది వింతగా తోచవచ్చు గాని ఆనాడు కాదు. ఆకాశం నుంచి పడే ఉల్కలు తమ ముందున్న గాలిని అదుముతాయన్న చర్చ అప్పటికే శాస్త్రలోకంలో ఉంది. ఆ చర్చకు ఊపునిచ్చిన వస్తువులలో ఆస్ట్రేలియాలోని క్రాన్‌బర్న్ ఇనుప ఉల్కలనూ చెప్పుకోవచ్చు. మెల్‌బోర్న్‌కు ఆగ్నేయంగా ఉన్న ఆ పల్లె దగ్గర 1850లలో బయటి ప్రపంచానికి తెలిసిన ఆ లోహపు దిమ్మల గురించి వియన్నా ఖనిజశాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ హైడింగర్ 1860ల ఆరంభంలో వ్యాసాలు రాశాడు. వాటిలో పెద్దది, మూడున్నర టన్నుల బరువుది, లండన్ చేరి నేటికీ అక్కడి ప్రకృతి చరిత్ర సంగ్రహాలయంలో ఉంది. క్రాన్‌బర్న్ ఇప్పుడు మెల్‌బోర్న్ నగరంలో కలిసిపోయిన శివారు. భారతీయ కుటుంబాలు ఎన్నో ఇళ్ళు కట్టుకున్న ప్రాంతం.

మెల్సెన్స్ వాదం తప్పే అయినా వృథా పోలేదు. 1881లో పారిస్‌లో అతని ప్రసంగం విన్నవారిలో ప్రాగ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ మాఖ్ ఉన్నాడు. ఆ గాలి గుండును ఫోటో తీయగలమా అన్న ఆలోచన అతనికి అక్కడే కలిగింది. ఫియూమె నౌకా విద్యాలయంలోని పీటర్ సాల్‌షర్‌తో కలిసి 1886లో ధ్వనివేగాన్ని మించి పోతున్న తూటాను, దాని ముక్కు ముందు విల్లులా వంగిన తరంగాన్ని పట్టి చూపాడు. మెల్సెన్స్ చెప్పిన గాలి గుండు ఆ చిత్రాలలో లేదు. కాని విమానాల వేగానికి కొలమానంగా మాఖ్ పేరు నిలిచిపోవడానికి మూలం ఇక్కడుంది. గాయం సంగతి తేల్చబోయి గాలి సంగతి తేల్చారు.

నాలుగవది నీటి వాదం. 1848లో పారిస్ వీధిపోరాటాల క్షతగాత్రులను చూసిన ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఉగియే అప్పుడే అవయవాలలోని నీటి పాత్రను ఊహించాడు. ఊహను ప్రయోగంగా మార్చినవాడు వేరొకడు.

బెర్న్‌లో కోకర్

థియొడోర్ కోకర్ పేరు వైద్యులందరికీ తెలుసు. గళగ్రంథి శస్త్రచికిత్సకు 1909లో నోబెల్ బహుమతి పొందినవాడు. నేటికీ ప్రతి శస్త్రచికిత్సాగదిలో వినిపించే ఒక పట్టుకారు అతని పేరు మోస్తోంది. అతను తన వృత్తిజీవితంలో చాలా కాలం తుపాకులతో గడిపాడన్నది తక్కువ మందికి తెలిసిన విషయం. 1875లో చిన్న తుపాకుల తూటాల విస్ఫోటక ప్రభావం గురించి మొదటి రచన ప్రకటించాడు. 1880లోను, 1895లోను తూటా గాయాల మీద పుస్తకాలు వెలువరించాడు. బెర్న్‌లో అతని చేతికందిన ఆయుధం స్విస్ సైన్యపు వెటర్లీ రైఫిలు: 10.4 మిల్లీమీటర్ల సీసపు తూటా, సెకనుకు 400 మీటర్ల పైచిలుకు వేగం.

అతని పద్ధతి సరళమైనది, అందుకే బలమైనది. ఒక్కొక్క ప్రయోగంలో ఒక్క అంశాన్నే మార్చడం. ఖాళీ డబ్బా, నిండు డబ్బా. పొడి పదార్థం, తడి పదార్థం. తక్కువ వేగం, ఎక్కువ వేగం. నీటి పాలు పెరిగేకొద్దీ, వేగం పెరిగేకొద్దీ విధ్వంసం పెరిగింది. వేగం తగ్గిస్తే నీళ్ళ డబ్బాకు కూడా రెండు రంధ్రాలే పడ్డాయి. కపాలాల విషయంలోనూ అంతే: శుష్కించిన ఖాళీ కపాలానికి రెండు రంధ్రాలు, లోపల ద్రవం ఉన్న కపాలం ముక్కచెక్కలు. దీనికి భయంకరమైన మానవ రూపాన్ని 1899లో జూరిక్ శస్త్రవైద్యుడు రుడాల్ఫ్ క్రోన్‌లైన్ వర్ణించాడు. దగ్గరి నుంచి పేలిన సైనిక రైఫిలు తూటాకు కపాలం విచ్చిపోయి, మెదడు దాదాపు చెదరకుండా బయట పడిన సందర్భాలవి. నేరవైద్య గ్రంథాలు నేటికీ ఆ గాయాన్ని అతని పేరుతోనే పిలుస్తాయి.

కోకర్ దీన్ని జలపీడనంగా అర్థం చేసుకున్నాడు. నీరు నొక్కుడుపడదు. మూసిన పాత్రలోని నీటిపై ఒకచోట ఒత్తిడి కలిగిస్తే అది అన్ని గోడలకూ సమానంగా చేరుతుందని పాస్కల్ ఏనాడో చెప్పాడు. పద్నాలుగు గ్రాముల సీసపు తూటా దాదాపు ఒకటింబావు ఘన సెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. బిగించి మూసిన లీటరు పాత్రలో అంత చోటు కోసం నీటిని నొక్కవలసి వస్తే పీడనం వాతావరణ పీడనానికి ఇరవై ఐదు రెట్లకు పైగా పెరుగుతుంది. రేకు తట్టుకోలేదు. వాదం ముచ్చటగా ఉంది.

కాని దీన్ని చెడగొట్టే చిన్న చిక్కు ఒకటుంది: మూత తీసినా డబ్బా పగులుతుంది. పైన తెరిచి ఉన్నప్పుడు నీరు పైకి లేచిపోవచ్చు కదా, పక్క గోడలను ఎందుకు చీల్చాలి? ఎందుకంటే పైకి లేవడానికి దానికి వ్యవధి లేదు. తూటా డబ్బాను దాటేది సెకనులో వెయ్యవ వంతు కన్నా తక్కువ కాలంలోనే. అంత స్వల్ప వ్యవధిలో దారి నుంచి తొలగవలసిన నీరు తనకు అందిన వేగంతో, అందిన దిక్కుకే పోతుంది. అసలు విషయం పీడనం కన్నా జడత్వం. లెక్క వేసి చూడవచ్చు. 1890ల నాటి బ్రిటిష్ .303 రైఫిలు తూటా బరువు సుమారు 14 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 600 మీటర్లు, శక్తి సుమారు 2500 జౌళ్ళు. అందులో అయిదవ వంతు మాత్రమే లీటరు నీటికి చేరిందనుకుందాం. ఆ నీరంతా సెకనుకు ముప్ఫై మీటర్ల పైచిలుకు వేగంతో, అంటే గంటకు వంద కిలోమీటర్లకు మించి, తూటా దారి నుంచి బయటికి పరుగెత్తుతుంది. గోడను పగలగొట్టేది తూటా కాదు, ఆ నీరు. తూటా అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది.

లండన్‌లో మెదడు శస్త్రచికిత్సకు ఆద్యులలో ఒకడైన విక్టర్ హార్స్‌లీ 1894లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ శ్రోతల ముందు ఇదే విషయాన్ని తడిమట్టితో చూపించాడు. మట్టి ముద్దలో నీరు పెంచినకొద్దీ అదే తూటా తొలిచిన గుహ పెద్దదైంది. కుమ్మరి సారెమీది మట్టిని ఎరిగిన మనకు ఆ ప్రయోగం సులభంగా బోధపడుతుంది: ఆరిన మట్టి పగులుతుంది, తడిమట్టి తొలగి చోటిస్తుంది, ఆ చోటు అట్లాగే నిలుస్తుంది.

దయగల తూటా

కోకర్ తన ఫలితాలను నివేదించి ఊరుకోలేదు. శత్రువును యుద్ధం నుంచి తప్పించడమే సైనికుని లక్ష్యమైతే అతని కాలేయాన్ని ఛిద్రం చేయవలసిన అవసరం లేదు. కనుక తూటా సన్నబడాలి, గట్టిపడాలి, శరీరంలో చదును కాకూడదు. 1894లో రోమ్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో అతను మానవత దృష్టితో తూటాలను మెరుగుపరచడం గురించే మాట్లాడాడు. ఆ మాటలు వినడానికి విడ్డూరంగా ఉన్నా అవి చిత్తశుద్ధితో అన్నవే.

అప్పటికే స్విట్జర్లాండులోనే తూన్ పట్టణపు ఆయుధశాలలో ఎడ్వర్డ్ రూబిన్ సీసానికి గట్టి లోహపు తొడుగు వేసిన సన్నని తూటాను రూపొందించి ఉన్నాడు. 1886లో ఫ్రాన్స్ పొగలేని మందుతో 8 మిల్లీమీటర్ల లెబెల్ రైఫిలును తెచ్చింది. పదేళ్ళలో ఐరోపా సైన్యాలన్నీ తొడుగు తూటాకు మారాయి. వేగానికి మెత్తని సీసం గొట్టంలో రాలిపోతుంది గనుక తొడుగు వేయక తప్పలేదన్నది అసలు కారణం. వైద్యుల కోరిక, ఇంజనీర్ల అవసరం కలిసివచ్చాయి.

ఇక్కడ చదువరికి ఒక సందేహం రావాలి. వేగం పెరిగింది, వేగం పెరిగితే నీళ్ళ డబ్బా మరింత పగలాలి, మరి కొత్త తూటా దయగలదెట్లా అయింది? మనిషి శరీరం ఒకే డబ్బా కాదు. ఊపిరితిత్తిలో గాలి ఎక్కువ, అది సాగుతుంది. తొడ కండ సాగి, మళ్ళీ ముడుచుకుంటుంది. చివర సూటిగా, నిలకడగా పోతున్న సన్నని తూటా అటువంటి భాగాలను దాటేటప్పుడు తన శక్తిలో కొద్ది పాలే వదిలి, మిగిలినదాన్ని వెంట తీసుకుపోతుంది. కాలేయం, ప్లీహం, మెదడు, నిండిన మూత్రాశయం అటువంటివి కావు. అవి కోకర్ డబ్బాలకు దగ్గరి చుట్టాలు. దూరం పెరిగేకొద్దీ తూటా వేగం కూడా సన్నగిల్లుతుంది. అందువల్ల ఒకే ఆయుధం గురించి ఒక వైద్యుడు సూదిబెజ్జమనీ, మరొక వైద్యుడు విస్ఫోటమనీ రాశారు. ఇద్దరూ చూసినదే రాశారు.

దమ్‌దమ్

1895లో వాయవ్య సరిహద్దున చిత్రాల్ దండయాత్ర నుంచి వచ్చిన బ్రిటిష్ సైనికాధికారులు కొత్త .303 తూటా మీద ఫిర్యాదులు తెచ్చారు. తూటా తగిలినా మనుషులు ఆగడం లేదు, మీదికి వస్తూనే ఉన్నారు అన్నది వారి గోడు. కలకత్తా పక్కన దమ్‌దమ్ ఆయుధ కర్మాగారపు పర్యవేక్షకుడు కెప్టెన్ నెవిల్ బెర్టీ-క్లే దీనికి విరుగుడు కనిపెట్టాడు. తూటా ముక్కు దగ్గర తొడుగును కొద్దిగా వెనక్కి తీసి, లోపలి సీసం కొనను బయటపెట్టాడు. తడిగా ఉన్న శరీరంలోకి దూరగానే ఆ మెత్తని కొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. వెడల్పు పెరిగిన తూటా ముందుకు పోలేక తన శక్తిని అక్కడే కుమ్మరిస్తుంది. కోకర్ డబ్బాలను పగలగొట్టి ఏ గుణాన్ని తూటా నుంచి తొలగించమన్నాడో, సరిగ్గా ఆ గుణాన్నే దమ్‌దమ్‌లో తిరిగి అతికించారు.

తరాలపాటు కలకత్తా విమానాశ్రయం పేరుగా మనవారికి పరిచయమైన ఈ ఊరి పేరు ఐరోపా భాషలన్నింటిలోనూ ఒక రకపు తూటాకు పర్యాయపదమైంది. 1897-98 తీరా దండయాత్రలో అఫ్రీదీలమీద వీటిని వాడారు. ఇంగ్లండులోని వూలిచ్‌లో ముక్కుకు గుంట పెట్టిన మరొక రకం తయారైంది. 1898 సెప్టెంబరులో సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్ యుద్ధంలో అది చేరింది. ఆనాడు ఒక్క పూటలో చనిపోయిన సూడానీలు పదివేలకు పైబడినవారు. అందులో మరతుపాకుల పాలు, ఫిరంగుల పాలు ఎంత, తూటా ముక్కు పాలు ఎంత అని విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

ఐరోపాలో గగ్గోలు పుట్టింది. ట్యూబింగెన్ శస్త్రవైద్యుడు పాల్ ఫాన్ బ్రూన్స్ మెత్తని ముక్కు తూటాలను దగ్గరి నుంచి కాల్చి, వాటి భీకర ఫలితాలను ప్రకటించాడు. అయితే అతను వాడినవి దమ్‌దమ్ తూటాలు కావు. సీసం ఎంతో ఎక్కువ బయటపడి ఉన్న జర్మన్ వేట తూటాలు. ఈ లోపాన్ని బ్రిటిష్ వైద్యపత్రికలో ఎత్తి చూపినవాడు అబర్డీన్‌కు చెందిన అలెగ్జాండర్ ఆగ్‌స్టన్, చీము పుండ్లకు కారణమైన స్టాఫిలోకాకస్ క్రిమిని గుర్తించిన శస్త్రవైద్యుడు. వాదంలోని సాంకేతిక భాగంలో ఆగ్‌స్టన్‌దే పైచేయి. ప్రయోగంలో ఒక్క అంశాన్నే మార్చాలన్న కోకర్ నియమాన్ని బ్రూన్స్ మరచిపోయాడు. కాని తూటా అంత భీకరమైనది కాదని నిరూపించినంత మాత్రాన, అది ఎందుకు తయారైందన్న ప్రశ్న మాసిపోదు. తయారు చేసినవారు దాన్ని మరింత గాయపరచడానికే తయారు చేశారు. ఆ ఉద్దేశాన్ని వారే దాచలేదు.

1899లో హేగ్‌లో జరిగిన శాంతి సభలో బ్రిటిష్ ప్రతినిధి మేజర్ జనరల్ సర్ జాన్ ఆర్డా ఈ తూటాను సమర్థిస్తూ చేసిన వాదన సారాంశం ఇది: నాగరిక సైనికునికి తూటా తగిలితే తాను గాయపడ్డానని తెలుసుకొని వెనక్కి, వైద్యుని దగ్గరికి పోతాడు, అనాగరికుడు రెండు మూడు చోట్ల తూటా దిగినా పరుగున వచ్చి మీద పడతాడు, కనుక అతనికి వేరే తూటా కావాలి. నీళ్ళ డబ్బా ప్రయోగానికి ఇటువంటి తేడా ఏదీ తెలియదు. వయోజనుడైన పురుషుని శరీరంలో నూటికి సుమారు అరవై పాళ్ళు నీరే. అది బెర్న్‌లోనూ అంతే, తీరా లోయలోనూ అంతే. కాలేయం సాంద్రత చర్మం రంగుతో మారదు. శాస్త్రం ఒకే శరీరాన్ని చూపిస్తుండగా రాజ్యం రెండు శరీరాలను కల్పించుకుంది.

శరీరంలో సులభంగా విచ్చుకొనే, చదునయ్యే తూటాలను నిషేధిస్తూ 1899 జులై 29న ప్రకటన వెలువడింది. బ్రిటన్, అమెరికా వ్యతిరేకించాయి. అమెరికా ప్రతినిధి కెప్టెన్ విలియమ్ క్రోజియర్ వాదన వేరు: తూటా నిర్మాణాన్ని కాక, అది అవసరానికి మించి కలిగించే బాధను నిషేధించాలన్నాడు. బ్రిటన్ చివరికి 1907లో అంగీకరించింది. అయితే ఆ ప్రకటనలోనే ఒక వాక్యం ఉంది, ఎక్కువమంది దాటేసి చదివే వాక్యం: సంతకం చేసిన రాజ్యాలు తమలో తాము యుద్ధం చేసినప్పుడు మాత్రమే ఇది వర్తిస్తుంది. ఏ తూటా వల్ల ఈ చర్చ పుట్టిందో, ఆ తూటా తగిలిన అఫ్రీదీ గాని సూడానీ గాని ఈ రక్షణ కిందికి రారు.

ఇంకొక మాట. 1910లో వచ్చిన బ్రిటిష్ ఏడవ రకపు .303 తూటా పూర్తి తొడుగుతో, అక్షరాలా హేగ్ ప్రకటనకు లోబడి ఉండేది. కాని దాని కొనలో సీసానికి బదులు అల్యూమినియమో చెక్కపొట్టో పెట్టారు. వెనక బరువెక్కిన ఆ తూటా శరీరంలో దూరగానే అడ్డం తిరిగేది. అడ్డం తిరిగిన తూటా విచ్చుకున్న తూటాతో సమానమైన వెడల్పుతో నీటిని తోస్తుంది.

బుడగ

డబ్బా లోపల ఏం జరుగుతున్నదో కంటితో చూడడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది. 1898లోనే అమెరికా సైనిక వైద్యుడు చార్లెస్ వుడ్‌రఫ్ ఓడల చక్రాల వెనక నీటిలో ఏర్పడే శూన్యపు బుడగలతో పోల్చి, తూటా వెనక కూడా అటువంటి కుహరం ఏర్పడుతుందని వాదించాడు. చూపించే సాధనం అతనికి లేదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆ సాధనాలు వచ్చాయి. ఇంగ్లండులో సాలీ జుకర్‌మన్ బృందం 1941లో జెలటిన్ దిమ్మలలోకి, జంతువుల కండలోకి ఉక్కు గుళ్ళు పేల్చి ఫోటోలు తీసింది. ప్రిన్స్‌టన్‌లో ఇ. న్యూటన్ హార్వీ, శాంతికాలంలో మిణుగురుల వెలుగు మీద పరిశోధించిన జీవశాస్త్రజ్ఞుడు, నీటి తొట్టెలతోను, మత్తిచ్చిన పిల్లుల మీదను ప్రయోగాలు చేశాడు. సెకనులో పది లక్షల వంతు పాటు మెరిసే ఎక్స్‌-రే అతని కన్ను.

అతను చూసినది ఇది. గుండు పోయిన తరువాత దాని దారిలో నీరు పక్కలకు విరుచుకుపడి, గుండు కన్నా ఎన్నో రెట్లు వెడల్పైన కోను ఆకారపు కుహరం తెరుచుకుంటుంది. సెకనులో వెయ్యవ వంతుకు అటూఇటూ అది గరిష్ఠ పరిమాణం పొంది, కుప్పకూలి, మళ్ళీ తెరుచుకొని, కొన్నిసార్లు ఇట్లా స్పందించి అణగిపోతుంది. దాని పరిమాణం గుండు అక్కడ వదిలిన శక్తికి అనులోమంగా ఉంది. తూటా తాకగానే నీటిలో ధ్వనివేగంతో ఒక పీడన తరంగం కూడా ముందుగా పరుగెత్తుతుంది. అది చూడటానికి భయంకరమే గాని, కణజాలాన్ని చోటు నుంచి కదిలించేంత వ్యవధి దానికి లేదని హార్వీ గమనించాడు. చింపేది తరంగం కాదు, కుహరం. ఈ రెండింటినీ కలగాపులగం చేసి ఆయుధాల అమ్మకందార్లు నేటికీ ప్రచారం చేసుకుంటున్నారు.

శస్త్రవైద్యునికి ఇందులో రెండు పాఠాలు దొరికాయి. కుహరం తెరుచుకున్న క్షణాన లోపలి పీడనం బయటి గాలి కన్నా తక్కువ. కనుక అది రెండు ద్వారాల నుంచీ గాలిని, దుమ్మును, బట్ట పోగులను లోపలికి పీల్చుకుంటుంది. తూటా వేడికి క్రిములు చచ్చిపోతాయన్న పాత నమ్మకం తప్పు. రెండవది, సూదిబెజ్జం లాంటి గాయం వెనక కూడా చాలా వెడల్పున కండ సాగి, నలిగి ఉండవచ్చు.

ఈ రెండవ పాఠాన్ని కొందరు అతిగా నేర్చుకున్నారు. వియత్నాం యుద్ధం తరువాతి సంవత్సరాలలో, అధిక వేగపు తూటా గాయమైతే చాలు, చుట్టూ ఉన్న కండనంతా కోసి పారేయాలన్న సలహా పాఠ్యపుస్తకాలలోకి చొరబడింది. దీన్ని ఎదిరించినవాడు అమెరికా సైనిక శస్త్రవైద్యుడు మార్టిన్ ఫ్యాక్లర్. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సైనిక పరిశోధనశాలలో గాయాల విభాగాన్ని నెలకొల్పి, 4 డిగ్రీల చల్లదనంలో ఉంచిన నూటికి పది పాళ్ళ జెలటిన్‌ను ప్రమాణంగా స్థిరపరచాడు. నీటికి సాగి ముడుచుకునే గుణం లేదు, కండకు ఉంది. జెలటిన్ ఆ గుణాన్ని కొంతవరకు అనుకరిస్తుంది. అతని ఫలితాల ప్రకారం సాగిన కండలో చాలా భాగం తిరిగి కోలుకుంటుంది. అతి వేగమని పేరుపడ్డ చిన్న తూటాలు తొడలో ఘోర గాయం చేసేది వాటి వేగం ఒక్కదాని వల్లనే కాదు, అవి అడ్డం తిరిగి ముక్కలై, ఆ ముక్కలు కండను ముందే చిల్లులు పొడిచి ఉంచడం వల్ల. చిల్లులు పడిన కాగితం సులభంగా చిరిగినట్టు ఆ కండ సాగేటప్పుడు చిరుగుతుంది. కత్తికి పని చెప్పే ముందు వేగపు అంకెను కాదు, గాయాన్ని చూడండి అన్నది అతని బోధ. 1988లో అమెరికా వైద్య సంఘ పత్రికలో రాసిన వ్యాసంలో నీళ్ళ డబ్బాల ప్రదర్శనలను నమ్మి వైద్యం చేసేవారిని అతను గట్టిగానే మందలించాడు.

భారతదేశంలో వైద్యవిద్యార్థి ఈ సంగతులను చదివేది నేరవైద్యశాస్త్రంలో. హైదరాబాదుకు చెందిన ఆచార్య కె. ఎస్. నారాయణరెడ్డి రాసిన పాఠ్యగ్రంథం దేశమంతటా ఎన్నో తరాల విద్యార్థులకు తుపాకి గాయాల అధ్యాయాన్ని పరిచయం చేసింది. పరీక్ష కోసం ప్రవేశగాయానికీ నిష్క్రమణగాయానికీ తేడాలు వల్లెవేసినవారిలో ఎందరికి ఆ తేడా వెనక ఉన్న బుడగ కనిపించిందో చెప్పడం కష్టం.

తొట్టె

ఆస్ట్రేలియాలో తుపాకి పొలం పనిముట్టుగానే ఎక్కువ కాలం మసలింది. మెల్‌బోర్న్‌లోని ఫుట్స్‌క్రే 1880ల చివర నుంచి తూటాల తయారీకి నెలవు; న్యూ సౌత్ వేల్స్‌లోని లిత్‌గో కర్మాగారం 1912 నుంచి .303 రైఫిళ్ళు చేసింది. కుందేళ్ళ బెడద ఉన్న పొలాలలో తీరిక వేళ నీళ్ళ డబ్బాను గురిపెట్టి కొట్టడం అనుభవంలో ఉన్న ఆటే. 1996 ఏప్రిల్ 28న తాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒక్క మనిషి 35 మందిని చంపాడు. పన్నెండు రోజులలో దేశమంతటికీ ఒకే తుపాకుల ఒప్పందం కుదిరింది. తనంత తాను మళ్ళీ మళ్ళీ నిండే రైఫిళ్ళను ప్రభుత్వం డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. అప్పగించినవి ఆరు లక్షలు దాటాయి. ఈనాడు క్రాన్‌బర్న్‌లో ఇల్లు కట్టుకున్న తెలుగు కుటుంబంలో ఎవరైనా తుపాకి కావాలనుకుంటే లైసెన్సు కోసం సరైన కారణం చూపించాలి. పొలం, వేట, గురి పోటీ కారణాలే. ఆత్మరక్షణ కారణం కాదు. అమెరికాలో అదే కుటుంబపు బంధువులకు ఈ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది.

విచ్చుకునే తూటాలను యుద్ధంలో వాడటాన్ని 1998 నాటి రోమ్ శాసనం నేరంగా పేర్కొంది. మొదట ఆ నేరం దేశాల మధ్య యుద్ధాలకే పరిమితం. అంతర్యుద్ధాలకు దాన్ని విస్తరించింది 2010లో కంపాలాలో. అంటే ఆర్డా గీసిన గీతను, కనీసం కాగితం మీద, చెరపడానికి నూట పదకొండేళ్ళు పట్టింది. పోలీసుల చేతిలో మాత్రం అటువంటి తూటాలు చాలా దేశాలలో చట్టబద్ధమే; శరీరంలో ఆగిపోయే తూటా వెనకనున్నవారిని గాయపరచదన్నది వారి వాదన, అందులో కొంత నిజమూ ఉంది.

నీటికి మరొక ఉద్యోగం కూడా ఉంది. నేరపరిశోధనశాలల్లో ఒక పొడవాటి ఉక్కు తొట్టె నిండా నీరు ఉంటుంది. అనుమానిత తుపాకిని దానిలోకి పేలుస్తారు. నీరు గాలికన్నా ఎనిమిది వందల రెట్లు సాంద్రమైనది. పిస్తోలు తూటాలు చాలావరకు మీటరు, రెండు మీటర్లలోనే వేగమంతా కోల్పోయి అడుగుకు జారుకుంటాయి. తొట్టె పగలదు, కుహరం తెరుచుకొని మూసుకోవడానికి అందులో చోటుంది, గోడలు దూరంగా, మందంగా ఉన్నాయి. అడుగు నుంచి తీసిన తూటా ఒంటిమీద గొట్టపు మరలు గీసిన గీతలు చెక్కుచెదరకుండా ఉంటాయి. దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, మృతదేహం నుంచి తీసిన తూటా పక్కన చేర్చి పోల్చి చూస్తారు.